శేషగిరి గారి పచ్చ ప్రసాదం

ప్రతి ఉదయం ఆరింటికి ఇంకా ఐదు నిమిషాలుందనగా శేషగిరి గారు వంటింటి కిటికీలన్నీ మూసి, బ్లెండరు మీద నాలుగు మడతలు పెట్టిన తుండుగుడ్డ కప్పి, అప్పుడు మీట నొక్కేవారు. చుట్టుపక్కల వాళ్ల నిద్ర చెడకూడదని ఆయన ఉద్దేశం. ఉద్దేశం చాలా మంచిది. మోత మాత్రం తుండుగుడ్డనీ, గోడలనీ, మధ్యనున్న చెక్క కంచెనీ దాటుకుని మా ఇంటికి వచ్చేది. ఆ మోత వినే నేను లేచి దీపం పెట్టుకునేదాన్ని. అలారం పెట్టుకునే పని తప్పింది, అదీ ఒక ఉపకారమే అనుకునేదాన్ని.

టెక్సాస్‌లోని కాపెల్ ఊళ్లో మా వీధిలో పద్నాలుగు ఇళ్లు. ఎనిమిదింట్లో తెలుగు వినిపిస్తుంది, కనీసం పెద్దవాళ్ల నోట. శేషగిరి గారిది మూల ఇల్లు. ఆయన రేపల్లె దగ్గర పుట్టి, డెబ్బై నాలుగులో చదువు కోసం ఓక్లహోమా వచ్చి, ఆ తరువాత ముప్ఫై ఏళ్లు టెక్సాస్ రోడ్ల మీది వంతెనలకు లెక్కలు కట్టి రిటైరైన ఇంజనీరు. ఏ స్తంభం ఎంత బరువు మోస్తుందో, ఏ నేల ఎంత కుంగుతుందో ఆయనకు నోటికి వచ్చు. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ ఒకే బరువు మోస్తారని ఆయన నమ్మకం.

ఆయన మంచివారు. తరువాత రాసేవి చదివి ఎవరూ పొరబడకుండా ఈ మాట ముందే రాసిపెడుతున్నాను. మంచు పడి వాకిళ్లు గడ్డకట్టిన రోజున పెద్దవాళ్లున్న ప్రతి ఇంటి ముందూ ఉప్పు చల్లింది ఆయనే. నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో లైబ్రరీకి తీసుకెళ్లి, తెలుగు పుస్తకాల అర ఎక్కడుందో చూపించి, కార్డు ఇప్పించిందీ ఆయనే. అయితే అంత మంచితనం రిటైరైన మనిషి దగ్గర ఊరికే కూర్చోదు. దానికి ఏదో ఒక పని కావాలి. 2012 ఫిబ్రవరిలో ఆ పని దొరికింది.

ఆయనకు రక్తపరీక్షలో కొలెస్టరాల్ ఎక్కువ వచ్చింది. ఆకుకూరలూ పళ్లూ ఎక్కువగా తినండని డాక్టరు చెప్పాడు. మనలాంటి వాళ్లమైతే ఇంకో కట్ట తోటకూర కొంటాం. ఆయన మూడు వారాల పాటు కంప్యూటరు ముందు కూర్చుని వీడియోలు చూసి, ఒక బ్లెండరు తెప్పించారు. దాని మోటారు బలం ఆయన వర్ణిస్తుంటే చెరువులో పడవ నడిపేదేమో అనిపించింది.

"పాలకూరేగా? ముప్ఫై ఆరేళ్లుగా పప్పులో వేసి పెడుతూనే ఉన్నాను కదండీ," అంది ఆయన భార్య జ్ఞానప్రసూన వదిన.

"వండితే పోషకాలు చచ్చిపోతాయి ప్రసూనా. ఇన్నాళ్లూ నువ్వు నాకు పెట్టింది ఆకు శవం."

"ఆ శవాలు తినేనా నూట తొంభై పౌండ్లయ్యారు?"

ఆయన వినిపించుకోలేదు. ఆ క్షణంలోనే బ్లెండరు మీట నొక్కారు కాబట్టి వినపడి కూడా ఉండదు. పెద్ద మోటారు వల్ల ఇదొక సదుపాయం.

ఆ జార్‌లో పడేవి ఇవీ: రెండు గుప్పిళ్ల పాలకూర, కేల్ అనే ముడతల ఆకులు నాలుగు, కొత్తిమీరకు దూరపు చుట్టంలా ఉండే పార్స్లీ ఒక గుప్పెడు, రెండు అరటిపళ్లు, ఒక కప్పు మామిడిపండు ముక్కలు, ఆరు ఖర్జూరాలు, అల్లం, నీళ్లు. "చక్కెర చిటికెడు కూడా లేదు," అని ఆయన గొప్పగా చెప్పేవారు. ఆ సంగతి ఖర్జూరాలకు ఎవరూ చెప్పినట్టు లేదు. వేసవి నాటికి ఆయన కొలెస్టరాల్ కాస్త దిగింది గానీ షుగరు నిశ్శబ్దంగా మెట్లెక్కింది. ఆ రెండో రిపోర్టు సంగతి వీధిలో ఎవరికీ చెప్పలేదు. వదిన చెప్పింది.

ఫ్రిజ్ మీద ఒక చార్టు వెలిసింది. కంప్యూటరులో గీసి, ప్లాస్టిక్ పూత వేయించి, అయస్కాంతం క్లిప్పుతో తగిలించారు. గ్లాసులో ఎ విటమిన్ ఎంత, సి ఎంత, ఇనుము ఎంత, పీచు ఎంత, అన్నీ గళ్లలో ఉన్నాయి. అన్నిటికంటే పైన ఎర్ర అక్షరాల్లో కే విటమిన్: రోజుకు కావలసిన దానికి ఏడు రెట్లు.

"ఏడు రెట్లు చెల్లెమ్మా! మీ పప్పులో వస్తుందా?" అన్నారు నాతో, ఆ గడి మీద వేలు పెట్టి.

"ఏడు రెట్లు దేనికన్నయ్యగారూ, ఒక రెట్టు చాలదా?"

ఆయన పకపకా నవ్వారు. "సేఫ్టీ ఫ్యాక్టర్ అంటారమ్మా దీన్ని. వంద టన్నులు మోయాల్సిన వంతెనని వంద టన్నులకే కడతామా?"

కే విటమిన్ ఒంట్లో ఏం చేస్తుందని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆయన చెప్పేదాకా నాకు సంఖ్య కూడా తెలియదు, ఆయనకు సంఖ్య వరకే తెలుసు. ఇద్దరిలో ఎవరు తక్కువ ప్రమాదమో మీరే అనుకోండి.

మొదట్లో ఆయన గ్లాసు పట్టుకుని ఇంటింటికీ వస్తే ఎవరూ తీసుకోలేదు. ఒకరు ఉపవాసమన్నారు. ఒకరు ఇప్పుడే బ్రష్ చేశానన్నారు, ఆ మాట రోజూ అన్నారు. ఎదురింటి తొమ్మిదేళ్ల మనీషాకైతే మర్యాదలింకా పూర్తిగా పట్టుబడలేదు. "అంకుల్, మా క్లాస్‌రూమ్‌లో ఫిష్ ట్యాంక్ ఉంది కదా, అది క్లీన్ చేయకపోతే ఇలాగే స్మెల్ వస్తది," అంది. ఆయన చిన్నబుచ్చుకుని వెనక్కి వెళ్లారు. ఆ వీపు చూసి నాకు జాలేసింది. ఆ జాలి పది రోజులకే తీరింది.

నందన ఉగాది నాడు తెల్లవారి స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, వెండి గ్లాసులో ఆ పచ్చటి ద్రవం పోసి, వేంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టి, గంట కొట్టి నైవేద్యం చేశారు శేషగిరి గారు. ఆ తరువాత మూతలున్న స్టీలు గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని వీధిన పడ్డారు. మా తలుపు తీసేసరికి ముఖం వెలిగిపోతోంది.

"ప్రసాదం చెల్లెమ్మా."

"ఇదా?"

"దేవుడికి ఆకూ పువ్వూ పండూ నీళ్లూ భక్తితో ఇస్తే చాలని పెద్దలు అననేలేదా? ఆకుంది, పండుంది, నీళ్లున్నాయి. పండగ కదా అని వేపపువ్వు కూడా వేశాను. నాలుగూ ఒక్క జార్‌లో! ఇంతకన్నా శాస్త్రోక్తమైన నైవేద్యం ఏముందో చెప్పండి."

 కళ్లకద్దుకుని తీసుకున్నాను. మళ్లీ ఉగాది వరకూ రోజూ ఏడిళ్లకు ఈ ప్రసాదం ఇస్తానని ఆ ఉదయమే సంకల్పం చెప్పుకున్నారట. ఉపవాసమని చెప్పేవాళ్లకూ, బ్రష్ చేసినవాళ్లకూ ఆ రోజుతో దారి మూసుకుపోయింది. ప్రసాదం వద్దనే తెలుగువాడు కాపెల్‌లో ఇంకా పుట్టలేదు.

మొదటి రోజు నిజంగానే తాగాను. కొత్తగా కోసిన గడ్డి వాసన, అరటిపండు తీపి, చివర అల్లం గొంతు పట్టుకోవడం. రెండో రోజు గ్లాసు చేతిలో పట్టుకుని వాకిట్లో చాలాసేపు నిలబడ్డాను. ప్రసాదాన్ని సింకులో పోయకూడదు. చెట్టు మొదట్లో పోయవచ్చు. ఈ తేడా నాకు బడిలో ఎవరూ నేర్పలేదు, అవసరమే నేర్పింది. మా మందారం మొక్క ఆ ఉదయం నుంచి శేషగిరి గారి భక్తురాలైపోయింది.

మే నెలకల్లా రోజుకు పదేసి పూలు పూసేది. పక్కింటి గులాబీ, ఎదురింటి కరివేపాకు కూడా ఉన్నట్టుండి బలిశాయి. మేం ఒకరితో ఒకరం ఏమీ చెప్పుకోలేదు. ఏ ఇంటి ముందు ఏ మొక్క నవనవలాడుతోందో చూసుకుంటూ నడిచేవాళ్లం, అంతే. ఆ పానీయంలో పోషకాలు లేవని నేనెప్పుడూ అనను. మా వీధి మొక్కలన్నీ సాక్ష్యం చెబుతాయి.

"ఎలా ఉంటోంది చెల్లెమ్మా?" అని అడిగేవారు మర్నాడు ఖాళీ గ్లాసు తీసుకుంటూ.

"అమృతం అన్నయ్యగారూ."

"తెలుస్తూనే ఉంది! ముఖంలో ఎంత కళ వచ్చిందో!"

ఆయన ముందు తలుపు దగ్గర గ్లాసు ఇచ్చి వెళ్లిన పావుగంటకు జ్ఞానప్రసూన వదిన పెరటి గేటు తోసుకుని వచ్చేది. చేతిలో నాలుగు వేడి ఇడ్లీలు, అల్లం పచ్చడి. "నోరు బాగుచేసుకో," అని పెట్టి, ఇంకో ఇంటి పెరటివైపు వెళ్లిపోయేది. ఆ మహాతల్లి ఎన్ని నోళ్లు బాగుచేసిందో లెక్క లేదు. భర్త సంకల్పం మీద ఒక్క మాటైనా పడనీయకుండా, దాని దెబ్బ ఎవరికీ తగలకుండా రెండువైపులా కాచుకొచ్చింది. వీధిలో అందరూ పారబోస్తున్నారనే ఆమె కూడా అనుకుంది. మొదట్లో నేనూ అంతే. అక్కడే పప్పులో కాలేశాం.

ఎందుకంటే ఒక్కరు తాగుతున్నారు.

ఆవిడ భానుమతి అక్కయ్యగారు. డెబ్బై ఒకటో ఏడు. మా ఇంటికి రెండిళ్ల అవతల కూతురు బిందుమాధవి దగ్గర ఉంటారు. ఆరేళ్ల కిందట గుండెలో ఒక కవాటం పాడైతే లోహంతో చేసినది వేశారు. దాని దగ్గర రక్తం గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం ఒక మాత్ర వేసుకోవాలి. రక్తం చిక్కబడితే గడ్డ కట్టి ప్రాణం మీదికొస్తుంది, మరీ పల్చబడితే ఎక్కడైనా మొదలైన రక్తం ఆగదు. ఈ రెండింటి మధ్య సన్నటి గట్టు మీద ఆవిడ ఆరేళ్లుగా నడుస్తున్నారు. ఆ మాత్ర చేసే పనిని వెనక్కి లాగేది కే విటమిన్. అందుకే ఆకుకూరలు మానొద్దు గానీ ఎప్పుడూ ఒకే కొలతలో తినండని డాక్టరు చెప్పారు. బిందుమాధవి వారానికి రెండుసార్లు, కప్పుతో కొలిచి మరీ పప్పులో ఆకుకూర వేసేది. ఈ సంగతులు ఆ ఇంట్లో తెలుసు, మూల ఇంట్లో తెలియవు. మూల ఇంటి గ్లాసులో ఏముందో ఈ ఇంట్లో తెలియదు. మధ్యలో నాకు రెండిళ్లూ తెలుసు.

శేషగిరి గారు వచ్చే వేళకు బిందుమాధవి ఆఫీసుకు డ్రైవ్ చేసుకుంటూ సగం దూరంలో ఉండేది. అంకుల్ రోజూ ప్రసాదం ఇస్తున్నారని తల్లి చెబితే, అరచేతిలో పట్టేంత కిస్‌మిసో, అరటిపండు ముక్కో అనుకుంది. ప్రసాదం అంటే ఎవరికైనా అంతే కదా. అరలీటరు గ్లాసు ఎవరి ఊహకొస్తుంది?

అక్కయ్యగారు తూర్పు ముఖంగా నిలబడి, కళ్లు మూసుకుని, పెదవి తగలకుండా ఎత్తిపోసుకుని మొత్తం తాగేవారు. ఆ తరువాత గ్లాసులో కాసిని నీళ్లు పోసి, తొలిచి, ఆ నీళ్లూ తాగేవారు. ప్రసాదం మెతుకు వృథా చేయని మనిషి. నేను ఒకసారి పూజకు పూలివ్వడానికి వెళ్లి కళ్లారా చూశాను.

"రుచి ఎలా ఉందక్కయ్యగారూ?" అన్నాను.

"ప్రసాదానికి రుచేమిటి లీలావతీ, తప్పు," అన్నారు.

సిగ్గేసింది. ఆ రోజు తెచ్చినవి మందారాలు.

ఏప్రిల్ మధ్యలో రక్తపరీక్షకు బిందుమాధవి వాళ్లమ్మను తీసుకెళ్తుంటే, తోడుగా నన్నూ రమ్మంది. ఆ అమ్మాయి ఎప్పుడు బయటికి తీసుకెళ్లినా పది నిమిషాలు ముందే కారు చల్లబరచి, సీటు మీద దుప్పటి మడిచి పెట్టి, అప్పుడు తల్లిని పిలుస్తుంది. అటువంటి కూతురు. క్లినిక్‌లో నర్సు రిపోర్టు చూసి నొసలు ముడిచింది. రక్తం ఉండాల్సినదానికంటే చిక్కగా ఉందట. ఆవిడ ఏదో అడిగింది.

"అమ్మా, కొత్తగా ఏమైనా తింటున్నావా అని అడుగుతోంది."

"ఏం తింటానే? అదే అన్నం, అదే మజ్జిగ."

"వేరే ఏమైనా? జ్యూస్, టీ?"

"నేనెప్పుడు తాగాను జ్యూసులు!"

అక్కయ్యగారు పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదు. అప్పుడూ ఆడలేదు. ప్రసాదం తిండి కాదు. ఉపవాసం రోజున ప్రసాదం తీసుకుంటే ఉపవాసం పోదు కదా, అలాంటిదే ఇదీ. నేను పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాను. నాకూ ఆ గ్లాసు గుర్తు రాలేదు. వచ్చినా మందారం గుర్తొచ్చి నోరు మూసుకునేదాన్నేమో, ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పలేను.

మాత్ర డోసు పెంచారు. రెండు వారాలకు చూస్తే ఇంకా చిక్కగానే ఉంది. ఇంకొంచెం పెంచారు. మే నెలాఖరుకు పరీక్ష సరిగ్గా వచ్చింది. ఒకవైపు శేషగిరి గారి గ్లాసు, ఇంకోవైపు పెద్ద మాత్ర, తాడుకు రెండు కొసలా పట్టుకుని లాగుతుంటే మధ్యలో ఆవిడ నిలబడ్డారు. అక్కయ్యగారి ఆరోగ్యం కుదుటపడిందని విని శేషగిరి గారు పొంగిపోయారు. "నేను చెప్పలేదూ? రెండు నెలలు పట్టుదలగా తాగితే ఫలితం కనిపిస్తుంది," అని వాకింగ్‌లో అందరికీ చెప్పుకున్నారు.

జూన్‌లో ఆయన పన్నెండు రోజులు శాంటా క్లారాలో కొడుకు రాజీవ్ దగ్గరికి వెళ్లారు. వదిన వెళ్లలేదు. "మోత లేకుండా పన్నెండు రోజులు పడుకుంటాను," అంది నాతో. ప్రసాదం ఆగకూడదని ఆయన కొలతలన్నీ కాగితం మీద రాసిచ్చి వెళ్లారు. వదిన ఆ కాగితం భక్తిగా దేవుడి పటం కింద పెట్టి, స్వామికి నాలుగు ఎండుద్రాక్షలు నైవేద్యం పెట్టి, వీధిలో తలా రెండు పంచింది. వీధి వీధంతా ఆమెను దీవించింది. మందారం ఒక్కటే కాస్త వాడింది.

తాడు ఒక కొస వదిలేశారన్నమాట. రెండో కొస లాగుతూనే ఉంది.

తొమ్మిదో రోజు ఉదయం పదింటికి పూలు తీసుకుని వెళ్లాను. భానుమతి అక్కయ్యగారు వంటింట్లో కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నారు. ముక్కుకు అడ్డం పెట్టుకున్న తెల్ల తువ్వాలు సగం ఎర్రగా ఉంది.

"ఏడున్నర నుంచీ వస్తోంది లీలావతీ. అదే ఆగుతుందిలే అని. బిందుకు మీటింగుంది, ఫోన్ చేయకు."

చేతి మీద పెద్ద నీలి మచ్చ, నిన్న తలుపుకు తగిలిందట.  బిందుమాధవికి ఫోన్ చేసి, వదిన కోసం పరుగెత్తాను. వదిన చేతి పిండి కడుక్కోకుండానే కారు తీసింది. దారిలో అక్కయ్యగారు ఒకటే మాట, సీటు మరక అవుతుందేమోనని. "సీటు సంగతి నేను చూసుకుంటానమ్మా, మీరు ముక్కు గట్టిగా పట్టుకోండి," అంటూ వదిన ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో వెనక్కి చాచి టిష్యూల డబ్బా అందిస్తూనే ఉంది.

ఆస్పత్రిలో వెంటనే లోపలికి తీసుకున్నారు. ఒక నర్సు, ఆరడుగుల మనిషి, అక్కయ్యగారి పాదాలు చల్లగా ఉన్నాయని అడక్కుండానే వేడి దుప్పటి తెచ్చి కప్పింది. పేరు కూడా కనుక్కోలేదు. ఆమెను దేవుడు చల్లగా చూడాలి. రక్తం మరీ పల్చబడిపోయిందని డాక్టరు చెప్పింది. తలలో ఎక్కడైనా రక్తం కారిందేమోనని స్కాన్‌కు పంపారు. ఆ ముప్పావుగంటలో బిందుమాధవి వచ్చింది. ఐడీ కార్డు మెడలోనే ఉంది, చెప్పులు రెండు రకాలు. తెల్లవారుజాము చీకట్లో వేసుకుని పోయి ఉంటుంది, అప్పటిదాకా చూసుకోనేలేదు.

స్కాన్‌లో ఏమీ లేదన్నాక మాకు ఊపిరొచ్చింది. అప్పుడు డాక్టరు అడిగింది. కొత్తగా మొదలుపెట్టింది కాదు, ఈ మధ్య ఏదైనా ఆపేశారా అని.

"నథింగ్ డాక్టర్, అన్నీ నేనే కొలిచి పెడతాను," అని బిందుమాధవి ఏడుపు ఆపుకుంటూ చెబుతోంది.

వదిన నా మోచేయి పట్టుకుంది. గొంతు తగ్గించి, "లీలావతీ, ఈవిడ మా ఆయన గ్లాసు తాగేదా?" అంది.

"తాగేవారు."

"నిజంగా? మొత్తం?"

"తొలిచిన నీళ్లతో సహా."

వదిన కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయింది. ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చింది. చేతిలో ఫ్రిజ్ మీది చార్టు, అయస్కాంతం క్లిప్పు ఇంకా దానికే ఉంది. డాక్టరు చేతికిచ్చింది. డాక్టరు పై గడి నుంచి చదవడం మొదలుపెట్టి, పై గడి దగ్గరే ఆగిపోయింది. ఎర్ర అక్షరాలు కదా, వెతుక్కునే పని లేకుండా శేషగిరి గారే సాయం చేసి పెట్టారు.

రక్తం మళ్లీ దారికి రావడానికి వాళ్లు అక్కయ్యగారికి ఇచ్చిన మందేమిటో తెలుసా? కే విటమిన్. లోహపు కవాటం ఉంది కాబట్టి, గోటి మీద పట్టేంత, కొలిచి, గంట గంటకూ చూసుకుంటూ ఇచ్చారు. సేఫ్టీ ఫ్యాక్టర్ అంటే అదీ.

వదిన వరండాలోకి వెళ్లి శాంటా క్లారాకు ఫోన్ చేసింది. నాకూ వినపడేలా స్పీకరు పెట్టింది.

"ఏమండీ, కే విటమిన్ ఏం చేస్తుంది?"

"ఏమిటి ప్రసూనా ఇప్పుడు? రోజుకు కావలసిన దానికి ఏడు రెట్లు..."

"ఎంత అని అడగలేదు. ఏం చేస్తుంది?"

అవతల మనవడెవరో బొమ్మ కారు నేల మీద తోస్తున్న శబ్దమే వినిపించింది. ఆ మోటారు మనిషి నోట మాట రాకపోవడం నేను మొదటిసారి విన్నాను. నిజం రాయాలంటే, ఒక్క క్షణం నాకు తృప్తిగానే ఉంది. ఆ తరువాత వదిన సంగతంతా చెబుతుంటే, "అయ్యో, అయ్యో, అక్కయ్యగారికా," అని ఆయన అన్నది విన్నాక, ఆ తృప్తి ఎక్కడికి పోయిందో తెలియలేదు.

మర్నాడే విమానమెక్కి వచ్చేశారు. అక్కయ్యగారిని రెండు రోజులుంచుకుని ఇంటికి పంపారు. ఆయన వచ్చాక కూడా వారం రోజులు మూల ఇంట్లో మోత లేదు. నేను రెండుసార్లు ఆలస్యంగా లేచాను.

ఆదివారం నాడు ఆయన భానుమతి అక్కయ్యగారిని చూడటానికి వచ్చారు. నేను అక్కడే కూర్చుని పూలు కడుతున్నాను. ఆయన చేతిలో పళ్లెం లేదు, గ్లాసు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గుమ్మంలో నిలబడ్డారు. బిందుమాధవి కుర్చీ వేసింది గానీ మాట్లాడలేదు. తప్పు పట్టలేం.

"రండి శేషగిరి గారూ, మీరొచ్చారని తెలిసి నాలుగు రోజులైంది, ముఖం చూపించలేదే?" అన్నారు అక్కయ్యగారు.

"ఏ ముఖం పెట్టుకుని రమ్మంటారు?"

"ఊరుకోండి. ప్రసాదం ఎవరికైనా చెడు చేస్తుందా? నా ఒళ్లు అలాంటిది. వీధిలో ఇంతమంది తాగారు, ఎవరికైనా ఏమైనా అయిందా?"

 పూలదండ నా ఒళ్లో ఉంది. ఎర్రటి మందారాలు, ఒక్కొక్కటి సాసరంత. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"అక్కయ్యగారూ, నేను తాగలేదు. మొదటి రోజు ఒక్కటే. తరువాతవన్నీ ఈ చెట్టుకు పోశాను," అన్నాను. "అన్నయ్యగారూ, మీతో రోజూ అమృతమని అబద్ధం చెప్పాను. మొదట్లోనే బాగాలేదని చెప్పి ఉంటే మీరు మానేసేవారేమో."

"మానేసేవాణ్ణి కాను," అన్నారాయన. నిజాయితీ గల మనిషి. "తక్కినవాళ్లో?"

"గులాబీ చూశారుగా. ఎదురింటి కరివేపాకు కూడా."

ఆయన కిటికీలోంచి వీధి వైపు చూశారు. ఎండలో మొక్కలన్నీ పచ్చగా నిలబడి ఉన్నాయి. "అయితే నన్ను మోసం చేసినవాళ్లంతా బాగున్నారు. నమ్మినావిడ ఒక్కరే ఆస్పత్రిలో పడ్డారు," అన్నారు మెల్లగా.

భానుమతి అక్కయ్యగారు నా వైపు చూశారు. కోప్పడతారనుకున్నాను. "చెట్టుకు పోశావు కదా, ఫరవాలేదులే," అన్నారు. ఆ మాట దెబ్బలా తగిలింది.

"వంతెన వేసేముందు రెండు గట్ల మీదా మన్ను తవ్వి, పరీక్షకు పంపి, రిపోర్టు వచ్చాకే గీత గీసేవాణ్ణి," అన్నారు శేషగిరి గారు. "మూడు నెలలు మీ చేతికి గ్లాసు ఇచ్చాను. మీరేం మందులు వేసుకుంటారని ఒక్క రోజు అడగలేదు. అడిగితే సంకల్పానికి అడ్డొస్తుందని భయమేమో, నాకే తెలియదు."

"మీరు అడిగినా, నేను ప్రసాదానికీ మందుకూ సంబంధమేమిటనేదాన్ని," అన్నారావిడ. "డాక్టరమ్మ అంతా చెప్పింది. పూర్తిగా మానక్కర్లేదట, ఏదైనా రోజూ ఒకే కొలతట. మీ సంకల్పం మధ్యలో ఆగితే ఎలా? నాకు మాత్రం రెండు ఎండుద్రాక్షలు పంపండి."

అప్పటికి బిందుమాధవి లేచి ఆయనకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని, తాగకుండా, చాలాసేపు అందులోకే చూశారు. ఆ తరువాత కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు.

"అక్కయ్యగారూ, మంగళవారం మళ్లీ పరీక్ష ఉందట కదా. మీరొక్క సాయం చేయాలి నాకు."

"చెప్పండి."

"ఆ నర్సమ్మ మళ్లీ అడుగుతుంది, ఏం తింటున్నారని. అప్పుడు నేనిచ్చింది కూడా చెప్పండి. రెండు ఎండుద్రాక్షలైనా సరే, నా ప్రసాదాన్ని తిండి అనే చెప్పండి."